రెండు రెక్కల నడుమ గుంజలు

మొన్న మా ల్యాబ్‌లో వీడియో తీస్తామన్నారు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్‌కి ఎదురు సందులో, రెండో అంతస్తులో ఉన్న చిన్న ల్యాబ్ మాది. పళ్ల డాక్టర్లు కొలతలు పంపితే, వంకర పళ్లకు పెట్టే తీగె క్లిప్పులు మేం చేసిస్తాం. ఆ తీగెలు వంచడమే ఇరవై ఏడేళ్లుగా నా పని. మా ఓనర్ కొడుకు ఫోన్ పట్టుకొని వచ్చి, "మేడం, మీరు వంచుతుంటే జర దగ్గర్నుంచి తీస్తా. ఆన్‌లైన్ల పెడదాం" అన్నాడు. సరేనని తీగె వంచే పకడ్, అదే ప్లయర్, చేతిలోకి తీసుకున్నా. ఫోన్ నా వేళ్ల దాకా వచ్చింది. మిగతావాళ్లు పని ఆపి చూస్తున్నారు. అప్పుడు నా చెయ్యి వణికింది. జబ్బేమీ కాదు, అందరూ చూస్తున్నారన్న బెరుకే. పకడ్ కింద పెట్టి, "ఇయ్యాల వద్దులే బాబూ" అన్నా. అతను మారుమాట అనకుండా, "రేపు తీద్దాం మేడం" అని వెళ్లిపోయాడు.

అంత తేలిగ్గా నన్ను వదిలేశాడు. నేను ఒకాయన్ని అలా వదల్లేదు. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ సంగతి ఇప్పటిదాకా మా ఇంటాయనకు కూడా చెప్పలేదు.

మేం నల్గొండ దిక్కు నుంచి పట్నం వచ్చినవాళ్లం. మా నాయిన లారీ డ్రైవర్. బత్తాయి లోడు తెచ్చి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో దించేవాడు. మార్కెట్‌కు దగ్గరుంటదని, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే రోడ్డుకు లోపలిగా ఒక కాలనీలో రెండర్రలు కిరాయికి తీసుకున్నాడు. ఇప్పుడు ఆ మార్కెట్ అక్కడ లేదు, ఊరవతలకి పోయింది. అప్పట్లో ఎండాకాలం వస్తే మా వాకిట్లో నిలబడితే చాలు, మాగుతున్న మామిడిపండ్లు, తడిసిన వరిగడ్డి, ఎండకు కుళ్లిన బత్తాయి తొక్కలు, అన్నీ కలిసి ఒకటే వాసన కొట్టేది. మా అమ్మకు ఆ వాసన పడేది కాదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని చీరలకు ఫాల్ కుట్టేది. నాకు మాత్రం సెలవులంటే ఇప్పటికీ ఆ వాసనే.

ఇంటి ఓనర్లు పైన ఉండేవాళ్లు. కోస్తా వాళ్లు, ముసలివాళ్లిద్దరే. వాళ్ల మాట మాకు, మా మాట వాళ్లకు మొదట్లో సగమే అర్థమయ్యేది. ఒకసారి మా అమ్మ మెట్ల దగ్గర నిలబడి, "జర చాయపత్త ఉంటే ఇస్తరా అమ్మా" అని అడిగితే ఓనరమ్మ లోపలికెళ్లి ఏదో ఆకు కోసం వెతికింది. టీ పొడి అని తెలిశాక ఇద్దరూ మెట్ల మీద కూలబడి నవ్వుకున్నారు. రోజు విడిచి రోజు నల్లా నీళ్లు వచ్చేవి. బిందెల దగ్గర వాళ్ల ముచ్చట్లు గంటసేపు నడిచేవి. నేను ఓనరమ్మను అమ్మమ్మా అని పిలిస్తే, "మామ్మగారూ అనాలి" అని దిద్దేది. ఆయన్ని తాత అని, నువ్వు అని పిలిచేదాన్ని. దానికి ఆవిడ మొహం చిట్లించినా, ఆయన దిద్దలేదు.

తాత వయసులో ఉన్నప్పుడు విమానాలు బాగుచేసే షెడ్డులో ఫిట్టర్. ఆ కాలంలో పైలట్ పని నేర్చుకునేవాళ్లు గుడ్డ తొడిగిన చిన్న విమానాలు నడిపేవాళ్లట. వాటికి రెక్కలు రెండు వరసలు, ఒకదాని మీద ఒకటి. పై రెక్క నిలబడేందుకు నడుమ సన్నటి కడ్డీలు. వాటిని ఆయన స్ట్రట్లు అనేవాడు. నాకు ఆ మాట నోరు తిరగలేదు. మా ఊళ్లో పందిరికి పాతేవి గుంజలు, ఇవి కూడా గుంజలే అన్నా. ఆయన కాసేపు ఆలోచించి, "అంతేగా మరి" అన్నాడు. అప్పట్నుంచి ఆయన కూడా గుంజలనే అనేవాడు.

డాబా మీద, వాళ్ల వంటింటి పక్కన, రేకుల షెడ్డులో కూర్చుని ఆయన ఆ విమానాలకు బొమ్మలు చేసేవాడు. నేను మొదటిసారి చూసింది ఒక నల్లా రోజు. మోటార్ ఆపమని చెప్పడానికి మామ్మగారు నన్ను పైకి పంపింది. వెళ్లేసరికి తాత నేల మీద వంగి ఏదో వెతుకుతున్నాడు. "అమ్మడూ, ఇక్కడ సన్న తీగ పడింది, నీ కళ్లకి కనిపిస్తుందేమో చూడు" అన్నాడు. తీసిచ్చా. ఆయన అందుకుంటుంటే మళ్లీ జారిపోయింది. మళ్లీ తీసిచ్చా. ఈసారి అందుకోలేదు. "నీ చెయ్యి చాపు" అన్నాడు. చాపితే అరచెయ్యి బోర్లా తిప్పి, దాని మీద నిండా నీళ్లున్న స్టీలు గ్లాసు పెట్టాడు. "కదలకుండా ఉండు" అన్నాడు. ఉన్నా. ఎంతసేపో తెలీదు. చుక్క ఒలకలేదు. తాత గ్లాసు తీసి, ఆ నీళ్లు తాగి, "రేపు పొద్దున రా" అన్నాడు.

అట్లా మొదలైంది. ఆ ఏడు ఎండాకాలం సెలవులన్నీ నేను ఆ షెడ్డులోనే గడిపా.

తాతకు కుడి చెయ్యి వణికేది. అంతకుముందు ఏడు చెయ్యి బాగున్నప్పుడు పెద్ద విమానం ఒకటి మొదలుపెట్టి, వెదురు పుల్లలతో ఒళ్లు, పతంగి కాగితంతో రెక్కలు చేసిపెట్టుకున్నాడు. గుంజలు మిగిలిపోయాయి. అసలు పని అదే. ఒక్కో వైపు గుంజలన్నీ ఒకే ఎత్తు రావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా పై రెక్క ఒరిగిపోతుంది. వణికే చేతికి అది లొంగలేదు.

తీగె అంటే సైకిల్ పుల్లలే. పాత చక్రాల నుంచి తీసినవి, ఎమరీ కాగితంతో రుద్ది తెల్లగా చేసినవి. తాత రెండు డబ్బాల్లో దాచేవాడు. ఒకదాంట్లో మామూలు సైకిల్ పుల్లలు, సన్నవి, గుంజలకు. రెండోదాంట్లో రిక్షా చక్రాల పుల్లలు, ఒక పిసరు లావువి, కింద చక్రాల కాళ్లకు. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. కానీ రిక్షా పుల్ల పకడ్‌తో వంగదు, దాన్ని బల్లకు బిగించిన వైస్‌లో పెట్టి రెండు చేతులతో వంచాలి.

"ప్లయర్ని తిప్పకు అమ్మడూ" అనేవాడు తాత. "అది గోడ. గోడ కదలదు. నువ్వు బొటనవేలితో తీగని గోడకేసి నొక్కు." ఇంకో మాట. "నువ్వెంత వంచినా వదలగానే తీగ కాస్త వెనక్కి వస్తుంది. ఆ కాస్తా ముందే ఎక్కువ వంచాలి. ఎంత ఎక్కువో నేను చెప్పలేను. నీ వేలికే తెలియాలి."

ఒక చెక్క మీద గుంజ బొమ్మ గీసి ఉండేది. వంచిన తీగె ఆ బొమ్మ మీద పెడితే కింద గీత కనబడొద్దు. కనబడితే ఆ తీగె పక్కకు పోయేది. మొదటి వారం నావన్నీ పక్కకే పోయాయి. నేను ఏడుపు మొహం పెడితే తాత, "నాకు మూడు నెలలు పట్టింది, మా మేస్త్రీ అయితే చెవి మెలేసేవాడు" అని తన చెవి పట్టుకొని చూపించేవాడు.

వంచిన తీగెల్ని అతకడం ఇంకో పని. రెండు తీగెలు పక్కపక్కన పెట్టి, కాలిపోయిన మోటార్‌లోంచి తీసిన సన్న రాగి తీగె చుట్టాలి. చుట్టు మీద చుట్టు పడొద్దు, పక్కపక్కనే సర్దుకొని పడుకోవాలి. తర్వాత రాగి మొన ఉన్న కడ్డీని కిరోసిన్ స్టవ్ మీద కాల్చి, నవసాగరం ముక్క మీద రుద్ది, సీసం కరిగించి అంటించాలి. నవసాగరం మీద కడ్డీ పెట్టగానే తెల్లటి పొగ లేచేది. ముక్కు మండి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. అదే సమయానికి వంటింట్లోంచి అల్లం పెసరట్టు వాసన వచ్చేది. మామ్మగారు ప్లేటు తెచ్చి గడప అవతలే నిలబడి, "ఈ కంపులో ఎలా కూర్చుంటారో తల్లీ, చేతులు కడుక్కుని రండి" అనేది. నేను కడుక్కున్నట్టు నటించి తినేదాన్ని. ఇప్పటికీ పెసరట్టు తింటే నాకు నాలుక చివర ఒకింత సీసం రుచి తగులుతుంది.

ఒకసారి సన్న పుల్లలు అయిపోయాయి. రిపేర్ షాపాయన వారం ఆగమన్నాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. పొద్దున పాలాయన సైకిల్ స్టాండేసి ఎదురింట్లో పాలు పోస్తుంటే, వెనక చక్రం నుంచి రెండు పుల్లలు ఊడదీశా. మెరుస్తున్న పుల్లలు చూసి తాత, "ఇవి చెప్పి తెచ్చావా, చెప్పకుండా తెచ్చావా?" అని అడిగాడు. నేను నేల చూశా. తిట్టలేదు. పుల్లలు నా చేతిలో పెట్టి, "వెళ్లి చెప్పి ఇచ్చి రా. నేను రాను, నువ్వే వెళ్లు" అన్నాడు. మరునాడు పాలాయన దగ్గరికి పోయి, "గివి నేనే తీసిన" అన్నా. ఆయన సైకిల్ చక్రం తిప్పి చూసి, "అందుకేనా బిడ్డా, నిన్నటి సంది చక్రం డ్యాన్స్ చేస్తున్నది" అని నవ్వాడు. భయం ఎంత తొందరగా పోయిందో నాకు బాగా గుర్తుంది. చేసిన తప్పు చెప్పుకోవడం ఎట్లాగో నాకు తెలీక కాదు, తెలుసు. అందుకే తర్వాత జరిగిందానికి సాకు దొరకదు.

తాత చెయ్యి సంగతి బయటివాళ్లకు తెలియనిచ్చేవాడు కాదు. ఎవరైనా వస్తే చెయ్యి జేబులో పెట్టుకునేవాడు, లేదా భుజం మీది తువ్వాలు తీసి దాంతో కప్పుకునేవాడు. మామ్మగారి ముందు కూడా కాఫీ గ్లాసు ఎడమ చేత్తోనే పట్టుకునేవాడు. నా ముందు మాత్రం దాచేవాడు కాదు. బల్ల మీద చెయ్యి పెట్టి, అది వణుకుతుంటే చూస్తూ, "ఇవాళ దీనికి కోపం ఎక్కువగా ఉంది" అనేవాడు. నేను ఆ చేతి మీద నా చెయ్యి పెట్టి నొక్కి పట్టుకుంటే కాసేపు ఆగేది. వదలగానే మళ్లీ మొదలు. ఇద్దరం నవ్వేవాళ్లం. నలుగురు చూస్తుంటే ఇంకా ఎక్కువవుతుందని కూడా ఆయనే నాకు చెప్పాడు.

జూన్ దగ్గర పడేసరికి గుంజలు పూర్తయ్యాయి. అన్నీ నేనే వంచా, నేనే అతికా. తాత పక్కన కూర్చుని చెప్పాడు. పై రెక్క గుంజల మీద కూర్చోబెట్టిన రోజు ఆయన కిందికి వంగి, ఒక కన్ను మూసి, ఇటునుంచి అటు చాలాసేపు చూశాడు. "ఒరగలేదమ్మడూ" అన్నాడు. నేను మా స్కూల్ దోస్తులందరికీ చెప్పుకున్నా. విమానం చేసిన అన్నా. బొమ్మ విమానం అని చెప్పలేదు.

ఆ విమానం ఎందుకో మా అమ్మకు నల్లా దగ్గర మామ్మగారు చెప్తుంటే విన్నా. తాతతో కలిసి ఆ విమానాల షెడ్డులో పనిచేసిన ముగ్గురు పాత స్నేహితులు వచ్చే ఆదివారం భోజనానికి వస్తున్నారు. అందులో ఒకాయన పిల్లలకు చేతిపని నేర్పే ఒక ట్రైనింగ్ స్కూల్‌లో పెద్ద. అక్కడ వారానికి మూడు రోజులు పాఠం చెప్పే మనిషి కావాలట. "ఆ పని వస్తే ఈయన మళ్లీ మనిషవుతారు" అంది మామ్మగారు. "కానీ ఈయన చెయ్యి పోయిందని ఎవరో వాళ్ల చెవిన వేశారట. ఈ విమానం చూస్తే ఆ మాట పోతుందని ఈయన ఆశ." మా అమ్మ, "అయితదమ్మా, తప్పకుండ అయితది" అంది. నేను నల్లా కింద బిందె పెడుతూ అంతా విన్నా. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆదివారం నాకు ఇదంతా తెలుసు.

ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, దసరాకు కుట్టిన నీలం పట్టు లంగా కట్టుకున్నా. "గింత ఎండల గదెందుకే?" అంది అమ్మ. "తాత వాళ్ల దోస్తులు ఒస్తున్నరు" అన్నా. నన్ను అందరికీ చూపించి, గుంజలన్నీ ఈ పిల్లే చేసిందని తాత చెప్తాడని నా మనసులో ఉంది. ఆయన చెప్తానని ఎప్పుడూ అనలేదు. నేనే అనుకున్నా.

ముగ్గురూ వచ్చి షెడ్డులో కూర్చున్నారు. బల్ల మీద విమానం, పసుపు రంగు రెక్కలు. వాళ్లు దాని చుట్టూ తిరిగి తిరిగి చూశారు. బట్టతల ఉన్నాయన ట్రైనింగ్ స్కూల్ ఆయన. కళ్లజోడు తీసి గుంజల మీదికి వంగి, "ఈ అతుకులు చూడండయ్యా. చుట్టు మీద చుట్టు లేదు. మన మేస్త్రీ ఉంటే ఏడ్చేవాడు" అన్నాడు. నేను గుమ్మం దగ్గర లంగా సర్దుకుని నిలబడ్డా. తాత తువ్వాలు కింద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"ఎవరీ పాప?" అన్నాడు బట్టతలాయన నన్ను చూసి.

"కింద పోర్షన్లో ఉంటారు. అవీ ఇవీ అందిస్తూ ఉంటుంది" అన్నాడు తాత.

నా వైపు చూడకుండా అన్నాడు. బట్టతలాయన ఖాళీ గ్లాసులు నా చేతికిచ్చి, "ఇవి లోపల పెట్టేయమ్మా" అన్నాడు.

గ్లాసులు వంటింట్లో పెట్టా. మామ్మగారు వడలు వేస్తోంది, మా అమ్మ పక్కన కూర్చొని విస్తరాకులు తుడుస్తోంది. నా చెవులు కాలిపోతున్నాయి. బయటికి వచ్చా. ఏడ్చి కిందికి పోయి ఉంటే సరిపోయేది. పోలేదు. షెడ్డు మూల డబ్బాల దగ్గరికి వెళ్లా. సన్న పుల్లల డబ్బా దాటి రిక్షా పుల్లల డబ్బాలో చెయ్యి పెట్టా. ఒకటి తీశా. పకడ్ తీసుకున్నా. తాత ముందుకు వచ్చి రెండూ చాపా.

"తాతా, నీ దోస్తులకు ఒక్క గుంజ వంచి చూపియ్యి" అన్నా.

తాత నా మొహం చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు.

"అవునయ్యా, వంచు" అన్నాడు బట్టతలాయన ఉత్సాహంగా. "ఆ రోజుల్లో నువ్వు వంచుతుంటే మేం టీ తాగడం మానేసి చూసేవాళ్లం." మిగతా ఇద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

తాత తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. పకడ్ అందుకున్నాడు. పుల్ల అందుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత పకడ్ నోట్లో పుల్లను పెట్టబోయాడు. పకడ్ పుల్లకు తగిలి టకటక చప్పుడైంది. రెండోసారికి పుల్ల దొరికింది. బొటనవేలితో నొక్కాడు. వంగలేదు. వేలి గోరు తెల్లబడింది. ఇంకా నొక్కాడు. చెయ్యి మోచేతి దాకా వణికిపోయింది. పుల్ల జారి గచ్చు మీద పడి ఎగిరెగిరి నా కాళ్ల దగ్గరికి వచ్చింది.

అప్పుడు నాకు ఏమనిపించిందో దాచకుండా చెప్పాలి. సంతోషమేసింది. ఒక గుక్క నీళ్లు తాగినంత సేపు, ఇప్పుడు తెలిసిందా అందరికీ అనిపించింది. ఆ తర్వాత తాత మొహం చూశా. ఆయన పడిపోయిన పుల్ల కోసం వంగబోయి, వంగలేక, కుర్చీ చేతిని పట్టుకున్నాడు. స్నేహితుల్లో ఒకాయన లేచి పుల్ల తీసి మెల్లగా బల్ల మీద పెట్టాడు. అప్పుడే మామ్మగారు మజ్జిగ గ్లాసులతో వచ్చింది. ఒక్కసారి అందరినీ చూసి, "భోజనాలకు లేవండి, చల్లారిపోతాయి" అంది.

భోజనాల దగ్గర వాళ్లు విమానాన్ని మళ్లీ మళ్లీ మెచ్చుకున్నారు, జబ్బుపడ్డ మనిషితో మాట్లాడినట్టు మెల్లగా. ట్రైనింగ్ స్కూల్ మాట ఎత్తలేదు. వెళ్లేటప్పుడు బట్టతలాయన తాత భుజం మీద చెయ్యి వేసి, "మంచి డాక్టర్‌కి చూపించుకో" అన్నాడు. మామ్మగారికి ఏం జరిగిందో తెలియదు. నన్ను పిలిచి గిన్నెలో పాయసం పోసి ఇచ్చింది. నేను తిన్నా. గిన్నె నాకి తిన్నా.

రెండు రోజులు పైకి పోలేదు. తాత మా అమ్మకు చెప్తాడని, అమ్మ వీపు చీరేస్తుందని భయం. మూడో రోజు సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తాత కిందికి దిగడమే తక్కువ. ఒక్కో మెట్టూ గోడ పట్టుకొని దిగి, మా గుమ్మం ముందు నిలబడ్డాడు. అమ్మ ఒళ్లో చీర పక్కన పెట్టి లేచి కొంగు సర్దుకుంది. నేను మంచం వెనక్కి జరిగా.

"ఇలా రా అమ్మడూ" అన్నాడు తాత. పోయి నిలబడ్డా.

"ఆ రోజు వాళ్లు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. పని నీది. నీ పేరు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు చేశాను, ఏమీ అనుకోకు."

అమ్మ గాబరాపడి, "అయ్యో గదేందండీ, చిన్నపోరితోని గట్ల మాట్లాడుతరా" అంది.

"చిన్నదైతేనేం. చేసింది అది" అన్నాడు తాత. నా జవాబు కోసం నిలబడ్డాడు.

పాలాయన ముందు నిలబడినట్టే నిలబడి ఉన్నా. గివి నేనే తీసిన అన్నంత మాట. కావాలనే లావు పుల్ల తెచ్చిన తాతా, అంటే అయిపోయేది. అమ్మ పక్కనుంది. నోరు తెరిచా.

"పర్వాలేదు తాతా" అన్నా.

ఆయన తల ఊపి, మళ్లీ గోడ పట్టుకొని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

తర్వాత మళ్లీ షెడ్డుకు పోవడం మొదలుపెట్టా. స్కూల్ అయ్యాక గంటసేపు. తాత ఇంకో చిన్న విమానం చేద్దామన్నాడు. అంతకుముందులాగే నేర్పేవాడు, జోకులు వేసేవాడు. పెసరట్లు కూడా వచ్చేవి. ఒకటే మారింది. నేను గుమ్మంలో కనబడగానే ఆయన భుజం మీది తువ్వాలు తీసి కుడి చేతి మీద వేసుకునేవాడు. నేను కూర్చున్నంత సేపూ అది అట్లాగే ఉండేది. చెయ్యి ఎట్లుంది తాతా అని ఒకసారి అడిగా. "బాగానే ఉంది" అన్నాడు. ఎవరికైనా చెప్పే జవాబు. మా ఇద్దరికీ ఇంక దాని మీద నవ్వుకునే వీల్లేకపోయింది. ఆ విమానం సగంలో ఉండగానే మా నాయిన తుర్కయంజాల్‌లో చిన్న ఇల్లు చూశాడు, మేం ఖాళీ చేశాం.

కాలేజీ అయిపోయాక పళ్ల క్లిప్పుల పని నేర్చుకోవడానికి చేరా. మొదటి రోజు నేను తీగె వంచితే నేర్పే సార్ చూసి, "ఇంతకుముందు ఎక్కడన్నా నేర్చుకున్నవా?" అని అడిగాడు. "లేద్ సార్, నాకే ఒచ్చింది" అన్నా. ఎందుకన్నానో తెలీదు. తాత పేరు ఎత్తితే ఆ ఆదివారం కూడా ఎత్తాల్సొస్తుందని కావచ్చు. ఉద్యోగం వచ్చాక ఒకసారి ధైర్యం చేసి ఆ కాలనీకి పోయా. ఆ ఇంటి స్థానంలో నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్ ఉంది, వాకిట్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఎదురింట్లో కొత్తవాళ్లు. ఆ ముసలాయన ఎవరో వాళ్లకు తెలియదు. పండ్ల వాసన కూడా లేదు.

నేను కావాలని లావు పుల్ల తెచ్చిన సంగతి తాతకు తెలియదని చాలా ఏళ్లు నమ్మా. తెలిస్తే ఎందుకు కిందికి దిగి వస్తాడు, ఎందుకు తప్పైందంటాడు అనుకునేదాన్ని. ఆ నమ్మకమే నన్ను నిద్రపోనిచ్చింది. తర్వాత పనిలో పాతబడ్డా. ఇప్పుడు ఎవరైనా నా చేతికి తీగె ఇస్తే చూడక్కర్లేదు. మందం పాయింట్ ఏడా, పాయింట్ ఎనిమిదా, ముట్టుకోగానే వేళ్లు చెప్తాయి. నాకే ఇట్లా ఉంటే, నలభై ఏళ్లు తీగెలతో బతికిన మనిషికి రిక్షా పుల్ల అని తెలియడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన అందుకోగానే ఒక్క క్షణం ఆగింది అందుకే. "ఇది లావుది, దీనికి వైస్ కావాలి" అని ఒక్క మాట అంటే చాలు, వాళ్లంతా పనివాళ్లే, ఒప్పుకునేవాళ్లు. సన్నది తీసుకుని ఇంకోసారి ప్రయత్నించేవాడు, ఏమో, వంచేవాడేమో. ఆ మాట అనలేదు. అంటే అందరూ నా వైపు చూసేవాళ్లు.

ఆయనకు తెలుసు. తెలిసి కూడా మూడో రోజు గోడ పట్టుకొని ఆ మెట్లన్నీ దిగి వచ్చాడు. తన తప్పు చెప్పుకుని, నా మాట కోసం నిలబడ్డాడు. నేను పర్వాలేదు తాతా అన్నా.